సొంత జాగాలో ఇస్త్రీ బల్ల

"ఎవడబ్బ సొమ్మనుకున్నావు? ఇది రెండో అంతస్తు ఫ్లాటు పార్కింగు. ఆ ఫ్లాటుకి అద్దె కట్టేది నేను!"

"ఓనరమ్మ పెట్టుకోమంది సార్."

"ఆ మహాతల్లికి మతి లేదు. నా కొత్త కారు రోడ్డు మీద ఎండకి మాడుతోంది, నీ బల్లేమో నీడలో సుఖపడుతోంది!"

నేను స్కూటరు స్టాండు వేసేసరికి గొడవ ఇక్కడిదాకా వచ్చింది. ఇస్త్రీ అక్క తల వంచుకుని ఆ సారు చొక్కా కాలరే రుద్దుతోంది. ఇళ్లు అద్దెకు ఇప్పించడం నా పని. నన్ను చూడగానే ఆయన ఇటు తిరిగాడు.

"వచ్చావా బ్రోకరూ? మీ ఓనరమ్మకి చెప్పు. ఈ బల్ల తీయించకపోతే నెలాఖరుకి ఖాళీ చేసేస్తా."

విసవిసా మెట్లెక్కి పోయాడు. పాపం, ఆయనకి తెలియదు. ఆయన చొక్కా మడతపెడుతున్నదే ఓనరమ్మ.

ఒంటి మీది బంగారం అమ్మి, మిగతాది బ్యాంకులో అప్పు చేసి అక్క ఈ ఫ్లాటు కొన్నది. చేతిలో సత్తువ పోయిన రోజున అద్దె తిని బతకొచ్చని ఆశ. తాను మాత్రం వెనక సందులో ఒక్క గదిలో అద్దెకుంటుంది. వచ్చే అద్దె బ్యాంకు వాయిదాకి చాలదని, ఫ్లాటు అంటగట్టినవాడు అప్పుడు నోరు విప్పలేదు. ఆ తక్కువ పడేది ఇస్త్రీ పెట్టే పూడుస్తోంది. అమ్మేద్దామంటే కొన్న ధర కూడా రావడం లేదు. 'పెట్టుబడి' అన్న మాట నేర్పిన ఆ పెద్దమనిషి ఇప్పుడు ఇంకెక్కడో ఇంకో అక్కకి అదే పాఠం చెబుతుంటాడు.

మొదట దిగినవాళ్లకి ఇల్లు తనదేనని మురిసిపోతూ చెప్పుకుంది. "మా బట్టలు రుద్దే నువ్వు మాకు ఓనరువా?" అని పగలబడి నవ్వారు. ఇస్త్రీ డబ్బులూ ఇవ్వలేదు, అద్దె కూడా ఇవ్వలేదు, చెప్పాపెట్టకుండా ఉడాయించారు. అప్పటి నుంచి నన్ను మధ్యలో పెట్టి ఆమె చాటుకు తప్పుకుంది.

"నిజం చెప్పెయ్ అక్కా. వాడి మొహం ఎలా మాడిపోతుందో చూడాలి."

"మాడదు తమ్ముడూ, నవ్వుతాడు. ఆ నవ్వు ఒకసారి చూశాను, చాలు. ఆయన ఖాళీ చేస్తే ఇంటికి తాళం పడుతుంది. బ్యాంకువాళ్లు ఊరుకుంటారా?"

"బల్ల తీసేస్తే మాత్రం? వాయిదాకి తక్కువ పడేది ఎక్కణ్ణుంచి తెస్తావు?"

అక్క చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాని గుండీ పెట్టింది. తర్వాత పెట్టె స్విచ్చి ఆపింది.

"ఓనరమ్మ ఒప్పుకుందని ఆయనకి చెప్పు. నాకు ఈ చుట్టుపక్కలే ఏ మెట్ల కిందైనా కాస్త జాగా చూసిపెట్టు, అద్దె తక్కువలో. నీ కమీషను ఈసారికి వదిలెయ్. ఇంకో మాట తమ్ముడూ, ఓనరు కాస్త గట్టి మనిషి అయ్యేట్టు చూడు. ఎవడో అరిచాడని నా బల్ల తీయించేది మాత్రం వద్దు."