మడత మార్చి పెట్టిన బట్టలు

ఎండలు ముదరగానే ఇనుప సందూకం మూత తీస్తాను. ఎండిన వేపాకు, కోరా గుడ్డ కలిసిన ఘాటు వాసన ముక్కుకు తగిలి తుమ్ము వస్తుంది. తుమ్మగానే రామనర్సమ్మ పెద్దమ్మ గుర్తుకొస్తుంది. పోయిన పెద్దవాళ్ళను తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం ముందు తల గోక్కోవాలనిపిస్తుంది. ఇన్నేళ్ళయినా ఆమె నాకు పూర్తిగా అర్థం కాలేదు మరి.

ఆమె మాకు చుట్టం కాదు, ఇంటి ఓనరు. నాన్న ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఇంటి కింది వాటాలో దిగాం. ఆమెది నల్లగొండ వైపు పల్లెటూరు. భర్త పోయాక కొడుకు, కోడలితో పై వాటాలో ఉండేది. అమ్మను ‘చెల్లె’ అని పిలిచేది, అమ్మ ఆమెను ‘అక్కయ్యగారూ’ అనేది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. కోచింగ్ లేని ఆదివారాలు ఆమె కుట్టు గదిలోనే గడిచేవి. ఆమె కుట్టేవి ఇవాళో రేపో కట్టుకునే బట్టలు కావు. ఒకనాడు దుకాణాలు, మిల్లులు, కరెంటు, బస్సులు అన్నీ ఆగిపోతాయని, ఏళ్ళ తరబడి మళ్ళీ మొదలుకావని ఆమె నమ్మకం. ఆనాటికి ఒంటిమీదికి కావలసినవి ఇప్పుడే కుట్టి దాచాలని పట్టుదల. గది నిండా సందూకాలే, కాలు పెట్టే చోటుండేది కాదు.

ఆ కుట్టుకు ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ముడుచుకునేంత ముడుచుకున్నాకే కత్తెర పెట్టేది. లోపల కుట్టు పక్కన దండిగా గుడ్డ వదిలేది, ఒళ్ళు పెరిగితే విప్పుకోవడానికి. కింది అంచుకు మూడు మడతలు. జిప్పు ముట్టనిచ్చేది కాదు. ఒకసారి పరికిణీ నడుముకు ఎలాస్టిక్ వేద్దామన్నాను.

“ఏంది, ఎలాస్టికా? రెండేండ్లకు సాగి ఊడిపోతది. దుకాణం లేనినాడు ఏడికెళ్ళి తెస్తవ్? నాడా ఎక్కియ్యి,” అని గుడ్డ నాడా నా చేతిలో పెట్టింది.

సూదులు తుప్పు పట్టకుండా కొవ్వొత్తి మైనంలో గుచ్చి పెట్టేది. ఏడాదికోసారి బట్టలన్నిటినీ డాబా మీద ఎండబెట్టి, వేపాకు మార్చి, పోయిన ఏడు నిలువుగా మడిచినదాన్ని ఈ ఏడు అడ్డంగా మడిచేది. “ఎప్పుడూ ఒక్క మడత మీదనే ఉంటె ఆడనే చినుగుతది బిడ్డా.” నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. మా ఇంట్లో ఆమెకు కాస్త మతి చలించిందని అనుకునేవాళ్ళు. నేను అవుననీ కాదనీ తేల్చుకోలేక, వారం తిరగ్గానే మళ్ళీ మెట్లెక్కేదాన్ని.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, “పెద్దమ్మా, అన్నీ బందైతే జనం బియ్యం దాచుకుంటారు గానీ బట్టలు దాచుకుంటారా?”

మిషను తొక్కడం ఆపింది. “రజాకార్ల కాలంల మేము గుట్టలల్ల దాక్కున్నం. అమ్మకు ఒక్కటే చీర. అది ఉతికి ఆరేదాక బండెనక కూసునేది. ఆకలైతె ఎవలనన్న అడగొచ్చు బిడ్డా. బట్ట లేనోళ్ళు బయటికొచ్చి అడగను గూడ అడగలేరు.” మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె మతి గురించి ఎవరేమన్నా నేను నవ్వలేదు.

ఇంతలో తెలంగాణ ఉద్యమం మా వీధి దాకా వచ్చింది. బందు రోజుల్లో మెయిన్ రోడ్డు మీద షట్టర్లన్నీ దిగిపోయేవి. ఎల్బీ నగర్ దాకా నడిచినా ఒక్క బస్సు కనిపించేది కాదు. “సూడు, ఇయ్యాల తాళం ఏసిండ్రు, రేపు తీస్తరు. ఒకనాడు తీయకుంటె?” అనేది పెద్దమ్మ. అలాగని ఇంట్లో కూర్చునే మనిషి కాదు. కాలనీ ఆడవాళ్ళతో కలిసి రోడ్డు మీద వంటావార్పుకు పోయేది, గొంతు బొంగురుపోయేలా నినాదాలిచ్చేది. సాయంత్రం పొగ వాసనతో తిరిగొచ్చి, అక్కడ వండిన పులిహోర గిన్నె నిండా తెచ్చి మా గడప మీద పెట్టేది. “తినుండ్రి, చల్లారిపోతది.” ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని కొందరు అరిచిన చోట వండిన పులిహోరను ఆంధ్రావాళ్ళం మేం తినాలా, వద్దా? నాన్న గిన్నె వంక చాలాసేపు చూసి, చివరికి రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

అలాంటి రోజుల్లోనే ఆమె టేపు పట్టుకుని కిందికి దిగి, మా అందరి కొలతలూ తీసుకుంది. “మాకెందుకు పెద్దమ్మా?” అంటే “కదలకు, జర నిలవడు” అంది, అంతే. నా కొలతకు రెండు బెత్తెలు కలిపి చెప్పుకుంటుంటే నవ్వొచ్చింది. అమ్మ మాత్రం నవ్వలేదు. మనవైపు ఇంటికొచ్చినవాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు బొట్టు పెట్టి బట్టలు పెట్టడం ఆనవాయితీ. “మనల్ని మర్యాదగా సాగనంపుతున్నారండీ,” అంది నాన్నతో.

“కాదమ్మా, సందూకంలో దాచడానికేమో,” అన్నాను.

“ఆ రోజే వస్తే మనకెందుకు కుడుతుందే? మనం పోవాలనేగా ఈ గోలంతా,” అన్నారు నాన్న. ఆయన మాట నిజమేననిపించింది. పై గదిలో నేను చూసిన సందూకాలూ నిజమే. రెండింటినీ ఎలా అతకాలో నాకు తెలియలేదు. పొమ్మని నోటితో అనిపించుకోవడం దాకా ఎందుకని నాన్న ఎల్బీ నగర్ దాటాక ఒక ఇల్లు చూసి వచ్చారు.

ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పినప్పుడు పెద్దమ్మ మెట్ల మీదే కూలబడింది. “ఎందుకు? ఎవలన్న ఏమన్న అన్నరా?”

“మీరు చెప్పకుండానే మాకు అర్థమైందండీ,” అన్నారు నాన్న, ఎంతో మర్యాదగా.

“ఏమర్థమైంది?” అని ఆమె నా వైపు చూసింది. నోరు తెరిస్తే నాన్న మాట పోతుంది. నేను నేల చూపులు చూశాను. సామాను లారీకెక్కిన రోజు అమ్మకు బొట్టు పెట్టి కొట్లో కొన్న రవికె గుడ్డ ఒకటి చేతిలో ఉంచింది. అమ్మ ఉండబట్టలేక అడిగేసింది, “అక్కయ్యగారూ, మాకు కుట్టిన బట్టలో?”

“అవి పొయ్యేటోళ్ళకు పెట్టేటివి గావు చెల్లె,” అని కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆటోలో అమ్మ అడిగింది, “మరి ఎవరికి పెట్టేవండీ?” ఆ ప్రశ్న మాతోపాటే కొత్తింటికి వచ్చింది. రాష్ట్రం వచ్చింది, మేం ఎక్కడికీ పోలేదు, మమ్మల్నెవరూ పొమ్మనలేదు. నా పెళ్ళయింది, పాప పుట్టింది. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మెట్రోలో పోతున్నప్పుడల్లా ఆ సందు వైపు చూసేదాన్ని. దిగి వెళ్ళడానికి మాత్రం మొహం చెల్లేది కాదు.

ఆమె పోయిందని కోడలు సరిత వదిన ఫోన్ చేసింది. దినం అయ్యాక నన్ను పై గదికి తీసుకెళ్ళి ఒక సందూకం చూపించింది. “ఇది మీ ఇంటిది. మీరు పోయినంక గూడ ప్రతి ఎండాకాలం ఎండబెట్టింది. మేము ముట్టుకుంటె తిట్టేది.” మూత తీస్తే వేపాకు ఆ ఏడాదిదే. నాన్నకు లాల్చీలు, అమ్మకు రవికెలు, నాకు పెద్ద పెద్ద జాకెట్లు, లంగాలు. అడుగున, అప్పటికింకా పుట్టని పిల్లకు కుట్టిన గౌన్లు. ఒక జాకెట్ తొడిగి చూసుకున్నాను. నడుం దగ్గర, భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. నేను కాన్పు తర్వాత ఒళ్ళు చేసి, ఆ ఇంట్లోనే ఆమె కళ్ళ ముందు తిరుగుతుంటానని పదిహేడేళ్ళ పిల్లను కొలిచి లెక్కేసుకుంది ఆమె. తలుపులన్నీ మూతపడే రోజు మేం తలుపుకు లోపలివైపు ఉంటామనుకుంది. అక్కడే కూర్చుని ఏడ్చాను. అంత అనుకున్న మనిషి ఆ మాట నోటితో ఎందుకు చెప్పలేదో, నాన్న ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా ఇంటి పై వాటాలో దేవరకొండ నుంచి వచ్చిన కుటుంబం అద్దెకు ఉంటోంది. మొన్న ఆ ఇంటి నుంచి తెచ్చుకున్న సందూకంలోని బట్టలు ఎండబెట్టి, మడతలు మార్చి పెట్టాక, మా పాపకు కుట్టగా నానబెట్టి ఆరేసిన కోరా గుడ్డ మరికొంత మిగిలింది. టేపు తీసుకుని పైకి వెళ్ళి, వాళ్ళ చిన్నపిల్లను నిలబెట్టి కొలత తీస్తుంటే తల్లి మొహం చిన్నబోయింది.

“ఏందక్కా, బట్టలు పెట్టి పంపిస్తరా? మమ్ముల ఖాళీ చెయ్యమంటరా?” అంది.

“కాదమ్మా, ఇవి వెళ్ళేవాళ్ళకు పెట్టేవి కావు, ఉండేవాళ్ళకు,” అన్నాను. ఆమెకు అర్థమైనట్టు లేదు. అందుకే కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.