బస్సు షెల్టర్ పక్కన సుద్దగీతలు

మా మనవరాలు ఊరికే దేన్నీ నమ్మే రకం కాదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల, ఇంటర్ రెండేళ్లూ ఫస్టు ర్యాంకే. ఇప్పుడు నగర ప్రణాళిక చదువుతోంది. చెవి వెనక పెన్సిలు, సంచీలో సుద్దముక్క లేనిదే గడప దాటదు. కొత్త బస్సు షెల్టర్ ఉండగా జనం బయటెందుకు నిలబడతారన్నది ఆమె పరిశోధనకు ఎంచుకున్న ప్రశ్న. "జనానికి క్రమశిక్షణ లేదమ్మా, అంతే. ఇందులో పరిశోధించేదేముంది?" అని గైడు కొట్టిపారేశారు. షెల్టర్ దగ్గరే రుజువు చూపించమన్నారు. చూపలేకపోతే ఆయనిచ్చిన అంశమే చేయాలి.

వారం రోజులు జనం నిలబడ్డ చోటల్లా గంటగంటకూ నేల మీద గీతలు గీసి, పక్కన టైము రాసింది. చెప్పిన రోజు ఉదయం తొమ్మిదింటికి గైడు వచ్చి షెల్టర్ బెంచీ మీద కూర్చున్నారు. ఎండ కప్పు కింద నుంచి దూరి నేరుగా ముఖాన కొట్టింది. ఆయన మాట్లాడుతూనే లేచి, బట్టతల రుద్దుకుంటూ నాలుగడుగులు జరిగి, పక్కనున్న ప్రకటన బోర్డు నీడలో నిలబడ్డారు.

"ఇంతకీ నీ రుజువేదమ్మా?"

"తొమ్మిది గంటల గీత మీదే ఉన్నారు సార్."

ఆయన తన బూట్ల కిందికి చూసుకున్నారు. చెయ్యి చాపారు.

"ఆ సుద్ద ఇలా ఇవ్వు. పదింటికి ఎక్కడుంటామో చూద్దాం."