దండెం మీది ఐదు రవికెలు

మా కుటుంబంలో నా మంచితనం గురించి ఒక కథ ఉంది. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు, మేము బళ్ళారి జిల్లాలో కంప్లి దగ్గరి ఎమ్మిగనూరులో కాపురం ఉండగా, పక్కింటి ముసలామె దండెం మీద ఆరేసిన మా ఆవిడ రవికెలు ఎత్తుకుపోయిందట. తర్వాత తనంతట తానే దొరికిపోయిందట. అయినా నేను పంచాయితీ పెట్టకుండా, పల్లెత్తు మాట అనకుండా, "పోనివ్వండి, పేదది" అని వదిలేశానట. మా వదిన ఈ కథను ప్రతి పెళ్ళిలోనూ చెబుతుంది. పోయిన నెల బళ్ళారిలో మా అమ్మాయి సీమంతానికి వచ్చినప్పుడు వియ్యాలవారి ముందు మళ్ళీ చెప్పింది. వియ్యంకుడుగారు నావైపు గౌరవంగా చూశారు. నేను తల వంచుకుని మజ్జిగ తాగాను.

ఆ కథలో నిజం ఒక్కటే. "పోనివ్వండి" అన్న మాట నాదే. ఆ రవికెలు ఆమె తీయలేదు. తీసింది నేను.

గుంటూరు జిల్లాలో ఉన్న రెండెకరాలు అమ్ముకుని, తుంగభద్ర కాలవ కింద ఎనిమిదెకరాలు కొనుక్కుని వచ్చినవాళ్ళం మేము. ఎనిమిదెకరాలంటే వినడానికి బాగుంటుంది. తుమ్మచెట్లు కొట్టి, మిట్టలు చదును చేసి, మడులు కట్టేసరికి మూడేళ్ళు పట్టింది. వచ్చిన ధాన్యమంతా ఆ నేలకే పోయేది. అలాంటి రోజుల్లో మా ఆవిడకు నెల తప్పింది.

ఆమెకు చక్కగా కట్టుకోవడమంటే ఇష్టం. డాబు కోసం కాదు. పొలానికి అన్నం తెచ్చినా జాకెట్టు చేతి అంచు, చీర అంచు ఒకదానితో ఒకటి పలకరించుకునేట్టు ఉండేవి. పెళ్ళికి కుట్టించుకున్న రవికెలు నాలుగో నెలకే పట్టలేదు. ఒకరోజు నేను ఎరువుల కోసం బళ్ళారి బయలుదేరుతుంటే అడిగింది.

"రెండు రవికెలకు గుడ్డ తెచ్చిపెట్టండి. లేత రంగులైతే మంచిది. కాస్త వదులుగా, చేతులు బుట్టలుగా కుట్టుకుంటాను."

నేను ఎరువుతో పాటు నాకొక టెరిలీన్ చొక్కా తెచ్చుకున్నాను. అప్పట్లో టెరిలీన్ వేసుకున్నవాడికి సొసైటీ ఆఫీసులో కుర్చీ వేసేవారు.

"నాలుగు ఆఫీసులు తిరిగేవాణ్ణి. మనిషి మనిషిలా కనబడాలి కదా," అన్నాను.

"బాగుంది," అంది. "మీ ఒంటికి నప్పింది." చొక్కా లోపల పెట్టిన అట్టముక్క తీసుకుని, "ఇది మీకు అక్కర్లేదుగా?" అని అడిగింది. ఆ అట్ట మీదే ఆమె బుట్ట చేతులకు ఆకారం గీసుకున్నదని నాకు పదిరోజుల తర్వాత తెలిసింది.

గుడ్డ మాత్రం ఊరే ఇచ్చింది. కడుపుతో ఉన్న మనిషి గడపలోకి వస్తే అక్కడి ఆడవాళ్ళు ఒట్టి చేతులతో పంపరు. ఒడిలో బియ్యం, కొబ్బరి చిప్ప, ఖర్జూరాలు పోసి, పైన ఒక రవికె గుడ్డ పెడతారు. దాన్ని కణం అంటారు. చిన్న ముక్క, చిక్కటి రంగులు, అంచు పొడవునా సన్నటి నేత పువ్వులు. ఇచ్చిన కణాన్ని కుట్టుకునేవాళ్ళు తక్కువ. పెట్టెలో దాచి మరొకరి ఒడిలో పెడతారు, ఆమె ఇంకొకరికి పెడుతుంది. అలా తిరిగి తిరిగి మడతల దగ్గర రంగు వెలిసి గీతలు పడి ఉంటాయి. ఐదో నెలకు మా ఆవిడ పెట్టెలో అలాంటివి పన్నెండు చేరాయి. మొదటిది పెట్టింది పక్కింటి అవ్వ.

ఒక్క కణం ఆమెకు చాలదు. అందుకని రెండేసి కలిపి కుట్టడం మొదలుపెట్టింది. చిలకపచ్చ ఒంటికి వంకాయరంగు చేతులు. ఆవపువ్వు రంగు ఒంటికి ఎర్రటి పక్కపట్టీలు. రంగు వెలిసిన గీత ఎక్కడ ఉంటే అక్కడ సన్నటి మడత పెట్టి కుట్టేసేది. గీత లోపలికి పోయి, చూసేవాళ్ళకు అదో కొత్త ఫ్యాషన్ లాగా ఉండేది. చిక్కంతా ముందువైపు వచ్చింది. కొలత పెరిగిన ప్రతిసారీ హుక్కులు విప్పి జరిపి కుట్టుకోవాలి. అవ్వ మా అరుగు మీద కూర్చుని ఈ అవస్థ చూసి నవ్వింది.

"ఉక్కులెందుకు తాయీ. కడుపు పెరుగుతాది, ఉక్కు పెరుగుతాదా? మా మాదిరి ముడి ఎయ్యి. నెలకింత వదులు చేసుకో. బిడ్డ పుట్టినాక పాలిచ్చేకీ అదే సులువు."

"ముడి అయితే ముసలమ్మలా ఉంటానేమో అవ్వా."

"నేను ముసలిదాన్నంటావా? సరే, నీ ముడి నువ్వు పడుచుగా ఎయ్యి, ఎవరొద్దనిరి?"

మా ఆవిడ ముడి పడుచుగానే వేసింది. చినిగిన పట్టుచీర అంచు కత్తిరించి పట్టీలు చేసి, ముందు పువ్వులా ముడి పడేట్టు కుట్టింది. అలా ఆరు రవికెలు చేసింది. నా పాత పంచెలు రెండు చీల్చి, రంగు పొట్లం వేసి నీలంగా ఉడకబెట్టి, బొందుతో వదులు చేసుకునే లంగాలు కుట్టింది. చిరిగిన చీరలు రెండింటిలో బాగున్న సగాలు తీసి ఒకటిగా కలిపింది. అతుకు కుచ్చిళ్ళలోకి పోయేది. ఇంత చేసి ఆమె బయట కొన్నది రంగు పొట్లాలు, దారపు రీళ్ళు మాత్రమే.

కాలవ గట్టు మీద నడుస్తుంటే ఆడవాళ్ళు ఆమెను ఆపి చేతులు పట్టుకుని చూసేవారు.

"ఇది నేనిచ్చిన కణమే గదా. మూడేండ్లు నా పెట్టెలో ఉండె. నీ మైమీద ఎంత చందాగ ఉండాది నోడు," అని ఒకామె నా ఎదుటే అన్నది. నోడు అంటే వాళ్ళ కన్నడంలో చూడు అని.

ఆమె మొహంలో ఉన్న సంతోషం ఈరోజు కూడా నాకు గుర్తుంది. ఇచ్చిన గుడ్డ ఇన్నాళ్ళకు ఒకరి ఒంటి మీద వెలిగిందని ఆమె సంతోషం. ఆ రోజు మాత్రం నాకు వేరేగా తోచింది. ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన గుడ్డ ముక్కలు నా భార్య తొడుక్కుని తిరుగుతోంది, అది అందరూ గుర్తుపడుతున్నారు అని తోచింది. 

ఏడో నెలలో మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, చూసిపోదామని వచ్చింది. వచ్చిన పూటే మా ఆవిణ్ణి పైనుంచి కిందకి చూసింది.

"ఏంటమ్మాయ్ ఇది, ఇక్కడివాళ్ళలాగా ముడిరవికె. చేతులొక రంగు, ఒళ్ళొక రంగు. మా మరిది నీకు రెండు గజాల గుడ్డ కొనిపెట్టలేకపోయాడా? మరిదిగారి చొక్కా మాత్రం మెరిసిపోతోంది."

మా ఆవిడ నవ్వేసి, "ఇవి నాకు హాయిగా ఉన్నాయక్కా," అంది. ఆమెకు తగలని మాట నాకు తగిలింది. వదిన ఊరికి వెళ్ళి మావాళ్ళందరికీ చెబుతుందని భయం పట్టుకుంది.

మూడోరోజు వాళ్ళిద్దరూ బస్సులో హంపి చూడటానికి వెళ్ళారు. ఆమె ఒంటి మీద ఒక రవికె ఉంది. మిగతా ఐదూ ఉతికి, మా ఇంటికీ అవ్వ ఇంటికీ మధ్య కట్టిన దండెం మీద ఆరేసి వెళ్ళింది. మధ్యాహ్నం పాత గుడ్డలకు సత్తు గిన్నెలిచ్చే మనిషి సైకిలు మీద వీధిలోకి వచ్చాడు. నేను దండెం దగ్గరకు వెళ్ళాను. ఐదూ లాగాను. అప్పటికి నేను అనుకున్నది ఇంతే: ఒకరోజు బాధపడుతుంది, బళ్ళారి నుంచి మంచివి తెచ్చిస్తే మరిచిపోతుంది.

అతను కుట్టు చూసి, "కొత్తవి గదప్పా ఇవి," అన్నాడు.

"పట్టడం లేదు. తీసుకో."

చిన్న సత్తు గిన్నె ఒకటి ఇచ్చాడు. ఇంట్లో పెడితే అడుగుతారని కాలవకు తీసుకెళ్ళి పడేశాను. అది వెంటనే మునగలేదు. తేలుతూ తూము దాకా పోయింది.

సాయంత్రం మా ఆవిడ ఖాళీ దండెం కింద నిలబడి, "గాలికి పడ్డాయేమో," అంటూ కంప పక్కనంతా వంగి వెతికింది. ఏడో నెల మనిషి. నేను కూడా ఆమెతో కలిసి వెతికాను. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారని మొదట అన్నది వదిన. నేను కాదనలేదు.

నాలుగు రోజుల తర్వాత కంప్లి సంత. ఎండ దిగకముందే అవ్వ వగరుస్తూ మా ఇంటికి వచ్చింది. చిలకపచ్చ రవికె చేతిలో ఉంది.

"తాయీ, దొరికె నోడు. పాత గుడ్డలోడి కుప్పలో ఉండె. నా కణం నాకు తెలీదా? మిరపకాయలకని పోతి, ఆ దుడ్డు వానికిచ్చి దీన్ని తెచ్చితి. మిగతావి అమ్ముడుపోయినాయంట."

మా ఆవిడ రెండు చేతులా అందుకుంది. వెనకనుంచి వదిన అన్నది: "అలాగా. ఐదు ఎత్తుకుపోయి నాలుగు అమ్ముకుని, మనసొప్పక ఒకటి తెచ్చి ఇచ్చిందన్నమాట."

అవ్వకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక వదినతో వాదించలేదు. నావైపు తిరిగింది.

"ఏమప్పా, ఆ పొద్దు నువ్వు ఇంట్లోనే ఉండావు గదా. నేను దండెం తట్టు వచ్చినానా? చెప్పు."

చెప్పడానికి ఒక్క మాట చాలు. మా ఆవిడ నన్ను చూస్తోంది. వదిన చూస్తోంది. వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఆగారు.

"పోనివ్వండి," అన్నాను. "పేదది. ఇంక ఆ మాట వదిలేయండి."

అవ్వ కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. వీధిలో ఆమెను పనికి పిలిచే ఇళ్ళు తగ్గాయి. మా దండెం మేమే విప్పి మరోచోట కట్టుకున్నాం.

నేను బళ్ళారి నుంచి మూడు రవికెలు తెచ్చాను. ఖరీదైనవే, హుక్కులున్నవి. ఎనిమిదో నెలకు పై రెండు హుక్కులు పట్టలేదు. ఆమె పమిట భుజాల చుట్టూ కప్పుకుని ఇంట్లోనే ఉండిపోయింది. పుట్టింటికి వెళ్ళే రోజున కూడా అలాగే కప్పుకుని బస్సెక్కింది. మిగిలిన ముడిరవికెలు రెండూ పెట్టె అడుగున పెట్టేసింది. ఎందుకని అడిగితే, "వేసుకుంటే ఆమె గుర్తొస్తుందండీ. అంత ప్రేమగా నేర్పి, అలా ఎందుకు చేసిందో," అంది. అప్పుడైనా చెప్పవలసింది. బిడ్డ పుట్టాక చెబుదామనుకున్నాను. పుట్టాక, పిల్ల కాస్త పెద్దయ్యాక అనుకున్నాను. పిల్ల చదువు కోసం ఊరు వదిలి బళ్ళారి వచ్చేశాం. ఈలోగా వదిన కథ ముదిరి, నేను మంచివాణ్ణయిపోయాను. ఆ పేరు నాకు బాగానే ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

సీమంతం అయిన మర్నాడు మా ఆవిడతో చెప్పాను. ఆమె తాంబూలాల పళ్ళేలు తుడుస్తోంది. తుడుస్తూనే అంతా విన్నది. చివరికి ఇలా అంది:

"ఆ రోజు మీరు పోనివ్వండి అంటే, మావాళ్ళు నన్ను ఎంత మంచివాడి చేతిలో పెట్టారు అనుకున్నాను."

చేతిలో పళ్ళెం పక్కన పెట్టి, "ఎమ్మిగనూరు బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

అక్కడికి వెళ్ళేసరికి, అవ్వ పోయి ఏడేళ్ళయిందట. ఆమె కొడుకు వాకిట్లో ఎద్దుకు మేత వేస్తున్నాడు. నేను నిలబడే చెప్పాను. పక్కింటివాళ్ళు కూడా వినేట్టు చెప్పమని మా ఆవిడ దారిలోనే అన్నది, అలాగే చెప్పాను. అతను మేత వేయడం ఆపలేదు.

"మాయమ్మ సచ్చేదాకా ఎవురి దండెం కింద నుంచీ పోయేది కాదు. సుట్టూ తిరిగి పోతా ఉండె. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు," అన్నాడు. "ఇప్పుడు తెలిసె."

మా ఆవిణ్ణి నీళ్ళు తాగుతారా అమ్మా అని అడిగాడు. నన్ను అడగలేదు.

ఇల్లు చేరాక ఆమె పెట్టె అడుగునుంచి ఆ రెండు రవికెలూ తీసింది. మా అమ్మాయికి కూడా పెళ్ళి రవికెలు పట్టడం లేదు. చిలకపచ్చది దాని ఒంటికి పెట్టి, పట్టీలు ముందుకు తెచ్చి, నెలనెలా ఎంత వదలాలో చూపిస్తూ ముడి వేసింది.

"ఇది చాలా బాగుందే. నీకెవరు నేర్పారమ్మా?" అని అడిగింది అమ్మాయి.

"మీ పెద్దమ్మ ఎవరిని దొంగ అంటుందో, ఆమె. ఆమె దొంగ కాదు. దొంగ ఎవరో మీ నాన్నను అడుగు."

అమ్మాయి ముడి విప్పి, రవికె మడిచి ఒళ్ళో పెట్టుకుని నావైపు చూసింది. నేను మొదలుపెట్టాను. అల్లుడు లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆగిపోదామనిపించింది. మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా, "చెప్పండి," అంది.