మిరప లారీలో మా కాపురం

ఊరు విడిచి వెళ్దామన్న మాట మా ఇంట్లో వచ్చినప్పుడు అందరికంటే ముందు సరేనన్నది మా అత్తయ్య. ఆఖరున ఒప్పుకున్నది నేను. ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మరు. కోడలే పట్నం పోదామని పోరుపెట్టి, పెద్దావిణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఉంటుందనుకుంటారు.

మాది వినుకొండ దగ్గర పల్లె. మిరప, పత్తి తప్ప మరో ఊసు ఉండదు. మా ఆయన సేద్యం చేసుకుంటూనే ట్రాక్టర్ల రిపేరు నేర్చుకున్నాడు. ఆ పనితనం చూసి ఎవరో చెబితే, హైదరాబాదు శివార్లలో ట్రాక్టర్ల విడిభాగాలు నిల్వచేసే ఒక గోడౌన్లో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. పొలం మా మరిదికి అప్పజెప్పి వెళ్దామన్నాడు. నేను వద్దన్నాను. నాకు తెలిసిన పట్నమంటే గుంటూరే. అక్కడికైనా పెళ్ళి బట్టలకో, డాక్టరు దగ్గరికో వెళ్ళి, సాయంత్రం బస్సుకల్లా తిరిగొచ్చేసేదాన్ని.

"అక్కడ మీకు తోచదు అత్తయ్యా. పలకరించే మనిషి ఉండడు," అన్నాను, ఆవిడ భుజం మీద తుపాకీ పెట్టి.

ఆవిడ లొంగలేదు. "పత్తి తీసీ తీసీ నా నడుం వంగిపోయింది. ఇంక చాలు. నేను లిఫ్టు ఎక్కాలి. వాళ్ళు పలకరించకపోతే నేనే పోయి పలకరిస్తా. నాకేం మొగమాటమా?" అంది. ఆ మధ్యాహ్నమే అటక మీంచి ఇత్తడి బిందెలు దింపి తోమడం మొదలుపెట్టింది.

వేసవిలో, బళ్ళు తెరవకముందే బయల్దేరాం. సామాను తీసుకెళ్ళే బాధ్యత మా అన్నయ్యది. వాడికి లారీ ఉంది. మిరప కోతల కాలమంతా గుంటూరు యార్డుకు మిరపకాయల బస్తాలు తోలుతుంటాడు. వేరే బండి మాట్లాడదామని మా ఆయన అంటే వాడికి కోపం వచ్చింది.

"ఇంటి ఆడపిల్ల సామాను ఇంకోడి బండిలో పోతే, ఊళ్ళో తలెత్తుకుని తిరగగలనా బావా?" అన్నాడు.

లారీని శుభ్రంగా నీళ్ళు కొట్టి కడిగించాడు. పరుపులు, దిళ్ళు, మంచాలు, బియ్యం డబ్బాలు పొందిగ్గా సర్దించాడు. పరుపులు మా చేలో పత్తితో కుట్టించినవి. ఆకాశం మబ్బుగా ఉండటంతో, దారిలో వాన పడితే తడుస్తాయని పైన పెద్ద పట్టా కప్పి తాళ్ళతో బిగించాడు. ఆ పట్టా కళ్ళంలో మిరపకాయలు ఆరబోసుకునేది. సీజనంతా దాని మడతల్లో చేరిన పొడి, గింజలు అలాగే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ ఘాటు మధ్యే పుట్టి పెరిగినవాళ్ళం, మా ముక్కులకు అదొక వాసన కిందే లెక్క కాదు.

తెల్లవారుతుండగా అందరం లారీ క్యాబిన్లోనే ఎక్కాం. అత్తయ్య కిటికీ పక్కన, నేను మధ్యలో, నా ఒళ్ళో మా అమ్మాయి, ఇంజను పక్కన ముడుచుకుని మా ఆయన. దారిపొడుగునా అత్తయ్య ఊళ్ళ పేర్లు అడుగుతూనే ఉంది. టీ తాగడానికి ఆగిన చోట, టీ కొట్టావిడతో ఆవిడ మనవల చదువుల దాకా మాట్లాడేసింది. నేను మాత్రం వెనక్కి పోతున్న ఊళ్ళనే చూస్తూ కూర్చున్నాను. వెనకనుంచి పట్టా గాలికి టపటపా కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ కొట్టుకున్నంతసేపూ అది మా పరుపులకు కారం పట్టిస్తోందని మాకేం తెలుసు!

మధ్యాహ్నానికి చేరాం. ఊరి చివర కొత్తగా లేచిన అపార్టుమెంటు. దాని వెనక ఇంకా ఇళ్ళు కట్టని ఖాళీ ప్లాట్లు. అన్నయ్య పట్టా విప్పి, అలవాటు కొద్దీ పార్కింగులోనే ఒక్క దులుపు దులిపాడు. మొదటి తుమ్ము వాచ్‌మన్‌ది. మేం పట్టించుకోలేదు. పరుపులూ దిళ్ళూ లిఫ్టులో కుక్కి మూడో అంతస్తుకు చేరవేశాం. అత్తయ్య ముచ్చటపడి సామానుతో పాటు ప్రతిసారీ లిఫ్టులో ఎక్కింది, దిగింది.

స్టవ్ వెలిగించి పాలు పెట్టాను. పొంగు వచ్చేలోపు కాస్త చల్లగా ఉంటుందని మా ఆయన హాల్లో ఫ్యాను వేశాడు. గోడకు ఆనించిన పరుపులు, కుప్పపోసిన దిళ్ళు, దుప్పట్లు అన్నీ ఆ ఫ్యాను కిందే ఉన్నాయి.

తర్వాత జరిగింది వరసగా చెప్పడం కష్టం. ముందు మా అమ్మాయి తుమ్మింది. దానికి మా ఆయన తోడయ్యాడు. అన్నయ్య కళ్ళు నులుముకుంటూ గోడకు కొట్టుకున్నాడు. మాకే అలా ఉంటే అలవాటు లేనివాళ్ళ సంగతి చెప్పాలా? తలుపు తెరిచి ఉంచాం కదా, ఘాటు మెట్ల మీదుగా మొత్తం బిల్డింగంతా పాకింది. లిఫ్టులో ఎక్కిన వాళ్ళెవరో లోపలే తుమ్ముతూ పైకీ కిందకీ తిరిగారు. "గ్యాసు లీకైంది!" అని ఎవరో అరిచారు. తలుపులు టకటకా తెరుచుకున్నాయి. పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగుతున్న చప్పుడు.

అంతలో మా గుమ్మంలోకి ఒక పెద్దాయన వచ్చాడు. ఆ అపార్టుమెంటు అసోసియేషన్ ప్రెసిడెంటట. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "అమ్మా, మీరు... హా... మీరు కొత్తగా... హాచ్!" అన్నాడు. పాపం, గట్టిగా మందలించాలనే వచ్చాడు. తుమ్ములు ఆయన్ను సాగనివ్వలేదు.

నాకు నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అడుగుపెట్టిన పూటే ఇంత పని జరిగాక ఇక్కడ ఎవరి మొహం చూడగలం?

అత్తయ్య మాత్రం చీరకొంగు ముక్కుకు చుట్టుకుని నడవాలోకి వెళ్ళింది. పత్తి చేలో ఈ గట్టు మీంచి ఆ గట్టు మీద కూలీలను కేకేసే గొంతు ఆవిడది.

"గ్యాసు కాదు, ఏం కాదు, మిరప్పొడి! ఎవరూ భయపడొద్దు! ఫ్యాన్లు కట్టెయ్యండి, చీపురు ముట్టుకోవద్దు, తడిగుడ్డలు తెండి! అన్నయ్యగారూ, మీరలా తుమ్ముతూ నిలబడితే ఎట్టా? పైకి పోయే దారేది?"

ప్రెసిడెంటుగారు తుమ్ముతూనే మెట్లు చూపించాడు.

అప్పుడు కింది అంతస్తు నుంచి ఒకావిడ మాస్కు పెట్టుకుని, చేతిలో ఇంకో గుప్పెడు మాస్కులతో పైకి వచ్చింది. కరోనా అప్పుడు కొన్నవి అలమారలో మిగిలిపోయాయట. "గింత ఘాటేందక్కా! మాది వరంగల్ దిక్కు. మా అమ్మగారింట్ల గూడ మిర్చే పండిస్తరు. ఈ ఘాటు పీల్చి ఎన్నేండ్లయిందో," అని నవ్వింది. తిట్టడానికి వచ్చిందేమోనని బెదిరిపోయి ఉన్న నాకు ఆ నవ్వు చూసి ప్రాణం లేచొచ్చింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ మాస్కులు వెతికి తెచ్చుకున్నారు.

పరుపులు మేడ మీదకు చేర్చాం. అత్తయ్య కొంగు గాలికి వదిలి, గాలి ఎటు పోతోందో చూసింది. "ఖాళీ ప్లాట్ల వైపే పోతోంది. అందరూ ఇటు నిలబడి అటు దులపండి. ఎదురెళ్ళారా, చచ్చారే!" అంది. ఎవరెవరో ఒక్కో చెయ్యి వేశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాళ్ళు కర్టెన్ రాడ్లతో పరుపులను బాదారు. ప్రెసిడెంటుగారు దిళ్ళ గలేబులు విప్పాడు. ఆయనకు ఎక్కడ నిలబడాలో అత్తయ్య రెండుసార్లు కేకేసి మరీ చెప్పింది. నేనూ, కింది ఇంటావిడా మెట్లు, లిఫ్టు తడిగుడ్డతో తుడిచాం. మధ్య మధ్య ఒకరి మొహం ఒకరం చూసుకుని తుమ్మడం, నవ్వడం. నేను నవ్వి చాలా రోజులైందని ఆ మెట్ల మీదే గుర్తొచ్చింది.

ఎండ తగ్గేసరికి అందరం మేడ మీదే చతికిలబడ్డాం. కింది ఇంటావిడ బిందెడు మజ్జిగ కలిపి తెచ్చింది. ఎవరో పప్పన్నం, ఎవరో చపాతీలు. మేం జాడీ తెరిచి గోంగూర పచ్చడి పెట్టాం. "ఇందులో కారం ఎక్కువ ఉండదు కదమ్మా?" అని ప్రెసిడెంటుగారు భయంభయంగా అడిగితే అందరూ పడీ పడీ నవ్వారు. మజ్జిగ తాగి కిందికి వచ్చి చూస్తే, నేను స్టవ్ మీద పెట్టిన పాలు ఎప్పుడో పొంగి, స్టవ్ అంతా కారి, అడుగంటిపోయి ఉన్నాయి. గ్యాసు ఎవరు కట్టేశారో తెలియదు.

"పొంగినాయి కదా, అంతే కావాలి," అంది అత్తయ్య.

అన్నయ్య బయల్దేరాడు. లారీ దాకా నేనొక్కదాన్నే వెళ్ళాను. వాడు డోరు పట్టుకుని నిలబడ్డాడు. నా కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు.

"ఏంటే, ఏడుస్తున్నావా?"

"లేదన్నయ్యా, ఘాటు."

"నాకూ అంతేలే," అని తుండుతో మొహం తుడుచుకుని, గబుక్కున ఎక్కి కూర్చున్నాడు. లారీ మలుపు తిరిగేదాకా చూసి వెనక్కొచ్చాను. కింది ఇంటావిడ గేటు దగ్గర నా కోసం ఆగి ఉంది. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

మర్నాడు ఇంకో చిక్కొచ్చింది. ముందురోజు అందరినీ మాస్కుల్లోనే చూశాం కాబట్టి, లిఫ్టులో ఎదురైన వాళ్ళెవరో ఆనవాలు పట్టలేకపోయాం. అత్తయ్య మాత్రం మొహమాటపడేది కాదు. "నువ్వు పరుపు బాదిన అబ్బాయివా, దిండు మోసిన అబ్బాయివా?" అని నేరుగా అడిగేసేది. వాళ్ళూ అంతే నేరుగా చెప్పేవారు. లిఫ్టులో ఎవరో ఒకరు తుమ్మడం మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగలేదు.

మా అమ్మాయి బళ్ళో చేరింది. మా ఆయన పనిలో కుదురుకున్నాడు. నాకు మాత్రం ఇంటినుంచి కూరగాయల బజారు దూరమై, ప్రతిదానికీ ఆటో కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. ఒకరోజు కింది ఇంటావిడ తన స్కూటీ తాళాలు నా చేతిలో పెట్టి, "నేర్పిస్త పా," అంది. వెనక ఖాళీ ప్లాట్లలో ఆవిడ పక్కన పరుగెత్తుతుంటే, నేను గట్లూ గుంతలూ చూసుకుంటూ నడపడం మొదలుపెట్టాను. పడ్డాను, లేచాను, ముళ్ళకంపలోకి ఒకసారి దూసుకుపోయాను. మోకాలు చీరుకుపోతే నేనే నవ్వుకున్నాను.

బ్రేకు మీద కాస్త నమ్మకం కుదిరిన సాయంత్రం, అత్తయ్య గట్టు మీద కూర్చుని చూస్తోంది. స్కూటీని ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి ఆపాను. ఆవిడ లేచి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఒక పక్కకు ఎక్కి కూర్చుని నా భుజం పట్టుకుంది.

"పోనియ్యి అమ్మాయ్," అంది. "రోడ్డు దాకా పోయొద్దాం."