అమ్మ ట్యాబ్‌కి మసక పట్టిన శుక్రవారం

సాయంత్రం ఏర్పేడులో డ్యూటీ ముగించుకుని తిరుపతిలో ఇంటికి చేరేసరికి, అమ్మ ట్యాబ్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉండాది. ఆమె ఆన్‌లైన్‌లో పాశురాలు నేర్పిస్తుంది. క్లాసుకి పావుగంటే ఉంది. స్క్రీన్ ఎంత మసకగా ఉందంటే పిల్లకాయల మొహాలు కూడా కనబడవు.

బ్రైట్‌నెస్ పెంచినాను. చెయ్యి తీసేలోపే తగ్గిపోయింది. ఆపి మళ్లీ ఆన్ చేసినాను, అదే మసక. రిపేరు షాపుకి ఫోన్ చేస్తే, డిస్‌ప్లే పోయుంటుంది, మార్చాల్సిందే అన్నారు.

విసుగొచ్చి ట్యూబ్‌లైటు కింద పెట్టి చూస్తే, పైన కెమెరా పక్కన గంధం, దాని మీద కుంకుమ. గదిలో వెలుతురు ఎంతుందో చూసుకునే సెన్సర్ సరిగ్గా ఆ బొట్టు కిందనే ఉంటుంది. పాపం ట్యాబ్, చీకటి పడిందనుకుని పొద్దుట్నుంచీ తగ్గించుకుంటా ఉండాది.

"దీనికి బొట్టు ఎవురు పెట్టినారమ్మా?"

"నేనే. శుక్రవారం గదా. మిక్సీకి, ఫ్రిజ్జుకి పెట్టి, పాశురాలు పలికేదానికి పెట్టకుంటే ఎట్టా?"

తుడిచేసినాను. వెలుగొచ్చింది, క్లాసు జరిగింది. అన్నం తిని వచ్చి చూస్తే బొట్టు మళ్లీ అక్కడే.

"బాగైపోయింది గదా, అందుకే ఈసారి కొంచెం పెద్దది పెట్టినా," అనింది అమ్మ.

బొట్టుని ట్యాబ్ వెనక్కి మార్పించే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండప్పా. నావల్ల కాలేదు.