బొట్టు పెట్టిన సూపర్ కంప్యూటర్

కోడంబాక్కంలో నీళ్ల పంపులు చేసే ధర్మలింగం దగ్గర యతిరాజులు ఇరవై రెండేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్. పెద్ద కంపెనీలు కోట్లు పోసి కొనే సూపర్ కంప్యూటర్ తన బల్ల పక్కనే ఉండాలని 1998లో యతిరాజులుకు పిచ్చి పట్టింది. రిచీ స్ట్రీట్‌లో ధర్మలింగం చేత నాలుగు మామూలు కంప్యూటర్లు కొనిపించి, వైర్లతో కలిపి, నాలుగూ ఒకే లెక్క చేసేలా తయారుచేశాడు. పంపు చక్రం రెక్కల మీద నీళ్లు ఎలా పారతాయో పోత పోయకముందే అది చెప్పేస్తుంది. ఆ రోజు సంబరంలో రైలెక్కడం మరిచిపోయి సైదాపేటలో ఇంటిదాకా నడిచాడు.

తీరా చూస్తే లెక్క ఒక్కసారీ పూర్తి కాలేదు. లెక్క తేలాలంటే ఇరవై గంటలు దాన్నెవరూ ముట్టకూడదు. ఊరుకునేదెవరు? వచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తానని ధర్మలింగమే టకటకా మీటలు నొక్కేవాడు. ఆరుసార్లు లెక్క మొదటికొచ్చింది.

"ఇదో పా యతిరాజులూ, విజయదశమికి జవాబు రాకుంటే నాలుగు పెట్టెలూ అమ్మేస్తా" అన్నాడు చివరికి, తప్పంతా యతిరాజులుదే అయినట్టు.

యతిరాజులుకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఆయుధపూజ నాడు పొద్దున్నే ఏడోసారి లెక్క మొదలుపెట్టాడు. కాసేపటికి ధర్మలింగం తల్లి మునెమ్మ గంధం, కుంకుమ పళ్లెంతో వచ్చింది. లేత్ మిషన్‌కూ సుత్తులకూ బొట్లు పెట్టి, కంప్యూటర్ల దగ్గర ఆగింది.

"ఏందయ్యా, ఇది తిరగతా ఉండాది? ఈపొద్దు పనిముట్లకు సెలవు గదా. ఆపు."

ఆపితే ఏడోసారీ లెక్క మొదటికే! యతిరాజులు నోటికేదొస్తే అది అనేశాడు. "దీపం గూడా వెలగతానే ఉండాది గదమ్మా. ఆర్పేద్దామా?"

ముసలమ్మ దీపాన్ని చూసింది, పెట్టెల్ని చూసింది. నాలుగింటికీ బొట్లు పెట్టి బంతిపూల మాల వేసింది. "రేపు మళ్లీ పూజ జేసేదాకా దీని మింద ఎవురన్నా చెయ్యేస్తే చూడు" అంది, కొడుకు వైపే చూస్తూ.

ఆరు నెలలుగా తను కాళ్లావేళ్లా పడి అడిగింది ఇదే కదా! యతిరాజులు మెట్ల మీద కూర్చుని బొరుగులూ బెల్లం నములుతూ తనలో తనే నవ్వుకున్నాడు. సాయంత్రం ధర్మలింగం ఎవరో బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. మాల చూసి, చాచిన చెయ్యిని మడిచి దండం పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు హారతి అయ్యాక తెర మీద జవాబు సిద్ధంగా ఉంది. రెక్కల వంపు రెండు డిగ్రీలు తగ్గించాలట. తగ్గించి పోత పోశారు. ఎప్పుడూ గడగడలాడే పంపు మొదటిసారి గప్‌చిప్‌గా నీళ్లు తోడింది. పెట్టెలు అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు ధర్మలింగం చుట్టాలతో లోపలికొచ్చాడు. నాలుగు పెట్టెలకూ కుంకుమ బొట్లు, పైన మూర మల్లెపూలు. గబుక్కున చెప్పులు బయట విడిచొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "ఈపొద్దు ఏం పండగ పా?"

"ఇరవై గంటల పండగ సార్" అన్నాడు యతిరాజులు.