ఏడో అంకె కోసం ఆరడుగుల డిష్

మా అత్తమ్మ బియ్యాన్ని బర్మా భాషలో లెక్కపెడుతుంది. మనిషికి రెండు గుప్పెళ్లు, ఇంట్లో నలుగురికి ఎనిమిది. డబ్బాలోంచి గిన్నెలోకి వేస్తూ తి, హ్ని, తోన్, లే, ఙా, ఛౌ అని తనలో తను అనుకుంటూ పోతుంది. నా భార్య చిన్నప్పటి నుంచీ ఆ లెక్క వింటూ పెరిగింది. ఈ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున అత్తమ్మ చెయ్యి ఛౌ దగ్గర ఆగిపోయింది. ఆరు అయింది, ఏడు రాలేదు. బియ్యమంతా మళ్లీ డబ్బాలో పోసి మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. ఆ రోజు అన్నం ఆలస్యమైంది.

ఆమె పుట్టింది రంగూన్‌లో. వాళ్ల నాన్నకు అక్కడ రేవులో పని. పదేళ్ల పిల్లగా ఓడెక్కి వచ్చేసింది, తర్వాత ఈపూరు దగ్గర రైతు కుటుంబంలో కోడలిగా పడింది. ఇన్నేళ్లలో ఆ భాష మాట్లాడటానికి ఒక్క మనిషి దొరకలేదు. మామయ్య పోయాక నరసరావుపేటలో మా ఇంటికొచ్చింది. ఇప్పుడు ఆ భాషలో మిగిలింది ఈ ఎనిమిది గుప్పెళ్లే అనుకుంటా. అందులోంచి కూడా ఒకటి జారిపోయింది.

ఏడును బర్మాలో ఏమంటారో నాకు తెలుసు. పదో తరగతితో ఆగిన చదువును నేను గ్రంథాలయంలోనే సాగించాను. కోల్డ్ స్టోరేజీలో పని అయ్యాక ఇప్పటికీ సాయంత్రాలు అక్కడే గడుస్తాయి. ఒక ఇంగ్లీషు ప్రయాణ పుస్తకం వెనకపేజీల్లో బర్మా అంకెలు దొరికాయి. ఆ సంగతి చెబుదామని నోరు తెరవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చెప్పమాక అబ్బాయ్. నువ్వు చెబితే అది పుస్తకంలో మాట. వాళ్ల నోట వింటే నాకే వచ్చిద్ది."

మా అమ్మాయి ఫోనులో బర్మా పాటలు పెట్టింది. అత్తమ్మ కాసేపు విని ఫోను తిరిగిచ్చేసింది. ఇది మనం పిలిస్తే వచ్చేది, రంగూన్‌లో మా పక్కింటి రేడియో ఎవరూ పిలవకుండానే పొద్దస్తమానం మాట్లాడేది, అలాంటిది కావాలంది. అందుకని డిష్ పెడదామనుకున్నాను. అదేమంత కష్టం, పుస్తకాలున్నాయి కదా అనుకున్నాను.

గ్రంథాలయంలో ఉపగ్రహ ప్రసారాల మీద తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఉన్నాయి. రెండూ పాతవే. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండూ చదివాను. టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు పైన, చానా ఎత్తులో నిలబడి ఉంటాయి. బర్మాకు ప్రసారం చేసేది మనకు దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణానికి వాలి ఉంటుందని లెక్క తేల్చాను. ఇళ్ల మీద కనిపించే చిన్న డిష్‌లకు అది అందదు, పెద్ద గిన్నె కావాలి. ఎంత పెద్దది అన్న దగ్గరే పేచీ వచ్చింది. తెలుగు పుస్తకం పన్నెండు అడుగులంది, ఇంగ్లీషు పుస్తకం ఎనిమిది చాలంది.

స్టేషన్ రోడ్డులో టీవీ సామాన్ల కొట్టాయన నా మాట పూర్తిగా వినకుండానే చిన్న డిష్ ఒకటి బల్ల మీద పెట్టాడు. తెలుగు ప్యాకేజీ, క్రికెట్ అంతా ఇందులోనే వస్తుందన్నాడు. నాకు బర్మా కావాలన్నాను. బర్మాలో ఏ సీరియల్ వస్తుందని అడిగాడు. సీరియల్ కాదు, మాట కావాలన్నాను. ఆయన లోపలికి చూసి పనివాణ్ణి టీ తెమ్మన్నాడు. నాకేదో అయిందని అనుకుని ఉంటాడు.

మూడోసారి వెళ్లాక దారికొచ్చాడు. మూతపడ్డ కేబుల్ ఆఫీసుల పాత డిష్‌లు రెండు ఉన్నాయన్నాడు. ఒకటి మాచర్ల నుంచి వచ్చిన ఎనిమిదడుగుల జాలీది, ఇంకోటి ఆరడుగుల రేకుది. జాలీది గాలికి తట్టుకుంటుంది, కానీ మా వీధి కోతులు దాని మీద ఊయల ఊగుతాయి. రేకుది కోతికి పట్టు దొరకనివ్వదు, కానీ పుస్తకాలు రెండూ ఆరడుగుల మాట ఎత్తలేదు. ఇప్పటి ప్రసారాలకు ఆరు చాలన్నాడు కొట్టాయన. నేను ఎనిమిదే అన్నాను. నాలుగు రోజులు తేల్చుకోలేకపోయాను. ఆఖరుకు అత్తమ్మను ఆటోలో తీసుకెళ్లి చూపించాను. ఆమె జాలీ వైపు చూడనైనా లేదు. రేకు గిన్నెను చేత్తో తుడిచి, గోటితో తట్టి, "ఇది శుభ్రంగా ఉంది" అంది. అట్లా నా రెండు పుస్తకాలూ ఓడిపోయాయి.

బిగించే రోజు పక్కింటి బాబాయ్ డాబా మీదికి వచ్చాడు. గిన్నె ఆకాశం వైపు వెల్లకిలా పడి ఉండటం ఆయనకు నచ్చలేదు.

"బర్మా తూర్పున ఉంటే నువ్వు దేవుడి కేసి పెట్టావేందిరా?"

ఉపగ్రహం సంగతి మొదటి నుంచి చెప్పాను. అంతా విని, అయినా కాస్త తూర్పుకు తిప్పితే పోయేదేముంది అన్నాడు. కొట్టాయన కూడా తిప్పి చూద్దామా అన్నట్టు నా మొహం చూశాడు. నేను గిన్నె అంచు పట్టుకుని నిలబడ్డాను. కొట్టాయన చేతిలోని మీటరు కూత పెట్టింది. సిగ్నల్ దొరికిందన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాయంత్రం సెట్‌టాప్ బాక్సులో చానళ్లు వెతుక్కోమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

సాయంత్రం వెతికితే ఒక్క చానల్ రాలేదు. మర్నాడూ అంతే. పని నుంచి రాగానే టీవీ ముందు కూర్చోవడం, నీలం తెర చూడటం. అత్తమ్మ నా వెనక కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేది. అదే నన్ను ఎక్కువ కాల్చింది. పుస్తకంలో లోపం వెతికే వరస ఉంది: ముందు బాక్సు, తర్వాత కేబుల్, చివరికి డిష్. బాక్సు మార్పించాను. కేబుల్ కొసలు విప్పి మళ్లీ బిగించాను. వరస తప్పకూడదని పట్టుబట్టి వారం దాకా డాబా ఎక్కలేదు. కొట్టాయన ఫోనెత్తడం మానేశాడు. తూర్పుకు తిప్పమంటే విన్నావు కాదని బాబాయ్ రోజూ గోడ మీద నుంచి దెప్పుతున్నాడు.

ఆదివారం డాబా ఎక్కాను. డిష్ మీద తెల్లటి పంచె పరిచి, చుట్టూ అంచులకు తాడు కట్టి ఉంది. విప్పితే గిన్నె నిండా మాగాయ ముక్కలు. ఉప్పులో ఊరిన తడి ముక్కలు, ఒకదాని మీద ఒకటి. ఆ బరువుకు గిన్నె ఒక పక్కకు వాలింది కూడా. అంతలో అత్తమ్మే ముక్కలు తిరగెయ్యడానికి పైకొచ్చింది.

కోతులకు అందని చోటు ఇంట్లో ఇదొక్కటే దొరికింది, బిగించిన రోజు నుంచీ వాయి తర్వాత వాయి ఇందులోనే ఎండబెడుతున్నానంది. గుడ్డ కప్పితే సిగ్నల్ ఎట్లా వస్తుందని అడిగాను.

"అంత ఆకాశం దాటొచ్చేది పంచె దాటి రాలేదా, అబ్బాయ్?"

పంచె కాదు, ఉప్పు నీళ్లూ బరువూ అని చెప్పబోయి మానేశాను. ముక్కలు తీసి, గిన్నె కడిగి, వెంట్రుకవాసి చొప్పున జరుపుతుంటే నా భార్య కింద నుంచి సిగ్నల్ గీత ఎంతుందో కేకేసి చెప్పింది. మధ్యాహ్నానికి బొమ్మ వచ్చింది. ఒకావిడ వార్తలు చదువుతోంది. కింద తలకట్లు తీసేసిన తెలుగులా గుండ్రటి అక్షరాలు కదులుతున్నాయి. అత్తమ్మ కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుంది. చాలాసేపు చూసింది. ఏమంటున్నారని మా అమ్మాయి అడిగితే, చానా వేగంగా మాట్లాడుతున్నారంది. మరి కాసేపటికి, ఎవరూ నవ్వట్లేదంది. సాయంత్రం తనే టీవీ కట్టేసింది.

మర్నాడు పొద్దున బియ్యం డబ్బా దగ్గర మళ్లీ ఛౌ అని ఆగింది. నేను వంటింటి గడప మీద పేపర్ చదువుతున్నాను. ఆమె గుప్పెడు బియ్యం పట్టుకుని నా వైపు తిరిగింది.

"నీ పుస్తకంలో ఏముంది, చెప్పు."

ఎండాకాలమంతా నోట్లో దాచుకున్న మాట. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం వదలకుండా, ఖున్-హ్నిత్ అన్నాను.

"ఆ 'త్' అట్లా కొట్టమాక. గొంతులోనే మింగెయ్యి," అంది. అని, తనే అంది: ఖున్ని. గుప్పెడు గిన్నెలో పడింది. ఆ వెనకే షి అని ఎనిమిదోది కూడా వేసేసి, నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టింది.

ఆ మాట నేను మొదటి రోజే చెప్పబోయానని గుర్తు చేశాను. అప్పుడైతే నువ్వు తప్పు పలికావని నాకెట్లా తెలిసేది, నిన్న ఆ వార్తలు చదివిన పిల్ల నోట మాటల చివర్లు విన్నాకే గదా అంది. నిజమో, నా మనసు నొప్పించకూడదని అందో తెలియదు. ఆ చానల్ ఆమె మళ్లీ పెట్టించుకోలేదు. పైన డిష్‌లో మిగిలిన మాగాయ ముక్కలు ఎండుతున్నాయి. ఈసారి నన్ను అడిగే పెట్టింది.